నలభై ఆరు పొరలు

“ఆ వాషింగ్ మెషిన్ దగ్గర ఏదో జంతువుని గీశావు చూడు, దానికి కాస్త రంగు వేసి పెట్టవోయ్,” అన్నాడు ఆమె భర్త, చొక్కాకి గుండీ ఊడింది కుట్టి పెట్టు అన్నంత తేలిగ్గా. అనేసి సాక్సుల కోసం వెతుక్కోవడం మొదలుపెట్టాడు. సాక్సులు ఎప్పుడూ ఉండే సొరుగులోనే ఉన్నాయి. ఆ సంగతి కూడా ఆమే చెప్పాలి.

కాస్త రంగు అన్న మాటకి ఆమెకి ఒళ్లు మండింది. తెలియని మనిషి అంటే పోనీలే అనుకోవచ్చు. ఇద్దరూ ఒకే వీడియో గేముల కంపెనీలో పక్కపక్క బల్లల దగ్గర పనిచేసినవాళ్లు. కాగితం మీది పెన్సిల్ గీతని కంప్యూటర్లో నిండు బొమ్మగా తేవాలంటే ముందు ఒట్టి బూడిదరంగులో ఆకారం నిలబెట్టాలనీ, తరవాత వెలుగూ నీడా, తరవాత చర్మం, అవన్నీ కుదిరాకే రంగు అనీ అతనికి తెలుసు. తెలియకేం, నేర్పింది ఆమే కదా. పాప పుట్టాక కొన్నాళ్లు ఇంట్లో ఉంటే బాగుంటుందని అనుకున్నారు. అనుకున్నది ఇద్దరూ, ఉన్నది ఆమె. ఆ కొన్నాళ్లకి ఇప్పుడు ఆరేళ్లు నిండాయి. పాప ఒకటో తరగతికి వచ్చింది, అతను బొమ్మల విభాగానికి పెద్ద అయ్యాడు, ఆమె సాక్సుల సొరుగు చూపిస్తోంది.

ఆ జంతువు పుట్టిన తీరు కూడా చెప్పుకోవాలి. వాళ్లింట్లో వాషింగ్ మెషిన్ బాగా పాతది. చివర్లో బట్టలు పిండేటప్పుడు ఊగిపోతూ, గోడ వదిలేసి తలుపు దాకా నడిచొచ్చేస్తుంది. ఎవరో ఒకరు దాని మీద బరువు ఆనించి నిలబడాలి. ఎవరో ఒకరంటే ఎవరో ఆ ఇంట్లో ఎవరినీ అడగక్కర్లేదు. రెండు నెలల కిందట ఒక పొద్దున అలాగే మోచేతులు ఆనించి నిలబడి, పాప బడివాళ్లు పంపిన నోటీసు వెనక, పాప పెన్సిల్‌తోనే గీసింది. హాల్లో తల్లీ కొడుకూ కూర్చుని కొత్త మెషిన్ ఇప్పుడే కొనాలా వద్దా అని మాట్లాడుకుంటున్నారు. “రోజూ పది నిమిషాలు పట్టుకుంటే తీరిపోయేదానికి కొత్తది ఎందుకురా దండగ,” అంటున్నారు అత్తగారు. ఆ మాటలు వింటూ గీసింది. ఎద్దంత ఒళ్లు, మెడ లేని తల, పొడుగాటి ముందుకాళ్లు, పొట్టి వెనక కాళ్లు, కళ్లకున్నట్టే చెవులకీ రెప్పలు. వినబుద్ధి కానప్పుడు అది చెవులు మూసుకుని తన దారిన తను పోతుంది. మెషిన్ అదురుకి ప్రతి గీతలోనూ సన్నని వణుకు వచ్చింది. ఆ వణుకే వీపు మీద ముడతలయింది. తరవాత కుదురుగా బల్ల దగ్గర కూర్చుని అదే గీత మళ్లీ గీద్దామంటే ఆమెకే రాలేదు.

ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంటే అతని కంట పడింది. కొత్త గేములో హీరో బురద నేల దాటాలిట, దాటనివ్వకుండా అడ్డం పడే జంతువు ఒకటి కావాలిట. అతని విభాగంలో నలుగురు కుర్రాళ్లు నెల రోజులు కుస్తీ పట్టి గీసినవన్నీ ఇంతకుముందు ఎక్కడో చూసిన జంతువుల్లాగే ఉన్నాయిట. “నీకైతే ఆడుతూ పాడుతూ అయిపోతుంది. ఎలాగూ పొద్దున్నంతా ఖాళీగానే ఉంటావుగా,” అన్నాడు.

ఇలా అడగడం మొదటిసారి కాదు. ఇంతకుముందు నాలుగు జంతువులు అలాగే వెళ్లాయి. ఎగరలేని పక్షి, గుడ్డి గుర్రం, రాళ్లు తినే మేక, ఇంకొకటి. నాలుగూ ఆట చివర్లో పేర్లు వచ్చేటప్పుడు అతని పేరు కింద తిరిగాయి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆమె అడిగింది. “నా పేరు కూడా వెయ్యకూడదా?” అని. అతను నిజంగానే నొచ్చుకున్నాడు. “మన మధ్య నీదీ నాదీ ఏమిటి? మనది కదా,” అన్నాడు. ఎంత ముద్దుగా అన్నాడంటే, అడిగినందుకు ఆమెకే సిగ్గేసింది. ఆ సిగ్గు తలుచుకుంటే ఇప్పుడు కోపం వస్తుంది. పాపకి జ్వరం వస్తే “నీ కూతురికి ఒళ్లు కాలుతోంది చూడు” అంటాడు. కూర మాడితే నీ వంట. చుట్టాల ముందు పాప మొండికేస్తే నీ పెంపకం. మొత్తం ఇంట్లో ఇద్దరిదీ అయిన వస్తువు ఒకటే, ఆమె గీసిన బొమ్మ.

అయినా వేసింది. ఎందుకు వేశావు అని మీరడగొచ్చు, ఆమె కూడా తనని తాను అడుక్కుంది. వెయ్యకపోతే ఆ జంతువుని అతని కుర్రాళ్లలో ఎవడో ఒకడు పూర్తి చేస్తాడు. ఆ వణుకు గీతలన్నీ తుడిచేసి నున్నగా దిద్దుతాడు. అది ఆమె తట్టుకోలేదు. దాని నడక ఎలా ఉంటుందో, బరువు ముందు ఏ కాలి మీద వేస్తుందో ఆమెకి తెలుసు, ఆమెకొక్కదానికే తెలుసు. అంత బాగా తెలిసిన ప్రాణిని ఇంకొకళ్ల చేతుల్లో పెట్టి ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు.

పాపని బడి బస్సు ఎక్కించి వచ్చాక, తినే బల్ల మీద గిన్నెలు ఒక పక్కకి జరిపి, పాత లాప్‌టాప్, దానికి తగిలించే గీతల పలకా పెట్టుకుని కూర్చునేది. ఈ పనిలో అంతా పొరల మీద పొరలు. పలచటి గాజుపలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, ఒక్కో పొర మీద ఒక్కో పని. ఒకదాని మీద పొట్ట కింద నీడ, ఒకదాని మీద బురద చారలు, ఒకదాని మీద కంటి తడి. నచ్చకపోతే ఆ ఒక్క పొరా తీసేసుకోవచ్చు, మిగతావి చెక్కు చెదరవు. పొరకి పేరు పెట్టడం ఈ పనిలో మర్యాద. ఆఫీసులో ఉన్నప్పుడు పేరు పెట్టని వాళ్లని ఆమె కడిగి పారేసేది. కాలు, తోక, చెవి, ఏదో ఒకటి రాసి చావండర్రా అనేది.

ఇంట్లో ఆ మర్యాద కొంచెం మారింది. కూర్చుంటుంది, ముందుకాలి కండ మీద వెలుగు పట్టుకుంటుంది, పట్టు చిక్కిందనుకునేసరికి ఎవరో పిలుస్తారు. లేచి వెళ్లి, ఆ పని చేసి, దానికి తోకలా వచ్చిన ఇంకో రెండు పనులు కూడా చేసి తిరిగొచ్చేసరికి ఎక్కడ ఆపిందో గుర్తుండదు. అందుకని లేచే ముందు, ఎందుకు లేస్తోందో అదే ఆ పొరకి పేరుగా కొట్టేసి లేచేది. వచ్చి చూసుకుంటే వెంటనే గుర్తొచ్చేది. ఆహా, సింకు మూసుకుపోయినప్పుడు మోకాలి దగ్గర ఉన్నాను కదా, అని. అది మొదట్లో ఒట్టి గుర్తు. పోనుపోను ఆమె పేర్లు గట్టిగా నొక్కి కొట్టడం మొదలుపెట్టింది. “టీ”. “మళ్లీ టీ”. “కొరియర్ మనిషి”. “పాపకి ఒకటే బూటు”. “అత్తయ్యగారి కళ్లలో చుక్కలు”. “తెల్ల చొక్కా కాదు నీలం”. “మెషిన్ పట్టుకో”. “బడి నుంచి ఫోను”. “కళ్లజోడు ఆయన నెత్తి మీదే ఉంది”. కొన్ని పేర్లు మళ్లీ మళ్లీ వచ్చాయి, “ఖాళీగానే ఉన్నావుగా” అన్న పేరు మీదే నాలుగు పొరలున్నాయి, ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని అంకెలు వేసి మరీ.

పన్నెండు రోజులకి నలభై ఆరు పొరలయ్యాయి. రోజు రోజుకీ ఆ జంతువు తెరమీద బరువెక్కుతోంది. పని మధ్యలో బొమ్మని అద్దంలో చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసుకోవడం ఆ పనివాళ్లకి అలవాటు, అప్పుడు తప్పులు బయటపడతాయి. తిప్పి చూసినప్పుడల్లా అది ఇంకాస్త నిజమైపోయినట్టు కనపడేది. దాని మోకాళ్ల దగ్గర ఆమె నాలుగు రోజులు ఆగింది. ఒక మధ్యాహ్నం అత్తగారు మంచినీళ్ల కోసం వచ్చి, గ్లాసు పట్టుకుని వెనకే నిలబడిపోయారు. మామూలుగా అయితే “బొమ్మలేసుకుంటూ కూర్చోనిచ్చే మొగుడు అందరికీ దొరకడమ్మా” అనాల్సిన చోటు అది. ఆవిడ ఆ మాట అనలేదు.

“దీనికి మోకాళ్ల నొప్పులా?” అన్నారు.

“అవునత్తయ్యగారూ. లేచేటప్పుడు బరువు ముందు ఎడమ కాలి మీద వేస్తుంది.”

“నాలాగానే,” అని ఆవిడ కాసేపు చూసి వెళ్లిపోయారు. వాళ్ల ఇద్దరి మధ్యా పదేళ్లలో పని గురించి నడిచిన మాటలు అవే. ఆ సాయంత్రమే ఆవిడ మళ్లీ చుక్కల కోసం రెండుసార్లు లేపారు, అది వేరే సంగతి.

పదమూడో రోజు అతను బొమ్మ చూశాడు. ఒక్క నిమిషం తెర మీదకి వంగి అలాగే చూశాడు. ఆ నిమిషం ఆమె దాచుకుంది, అబద్ధమెందుకు. తరవాత అన్నాడు, “బాగుంది కానీ, భయంగా లేదు. కోరలు పెట్టు.”

“అది కరవదండీ.”

“కరవని జంతువుకి హీరో ఎందుకు భయపడతాడు?”

“అది ఆగదు. ఎవరేమన్నా ఆగదు, అందుకని.”

“అవన్నీ ఎవడికి తెలుస్తాయి? కోరలుంటే చూడగానే తెలుస్తుంది,” అన్నాడు. ఆమె పెట్టనంది. అతను సరేనన్నాడు. సరేననడంలో అతనంత మంచివాడు ఇంకొకడు లేడు.

ఎప్పుడూ ఆమె పొరలన్నీ కలిపి ఒకే బొమ్మగా చేసి ఇచ్చేది. కలిపాక ఇక విడదీయడానికి ఉండదు, ఎవరు ఎక్కడ ఏం చేశారో తెలియదు. అలా ఇవ్వమని చెప్పింది అతనే, “ఆఫీసులో ఫైలు తేలిగ్గా తెరుచుకుంటుంది” అని. మర్నాడు పొద్దున కూడా పాపకి జడ వేసి, ఆ పని చేద్దామనే అనుకుంది. ఆమె జడ వేస్తుండగానే అతను లాప్‌టాప్‌లోంచి పొరలతో సహా ఫైలు కాపీ చేసుకుని, ఉలుకూ పలుకూ లేకుండా వెళ్లిపోయాడు. కోరలు పెట్టుకోవాలిగా. కలిపేసిన బొమ్మ మీదైనా కోరలు గీసుకోవచ్చు. కానీ బాగుండకపోతే తీసెయ్యడానికి వీలుండాలని పొరలున్నదే పట్టుకెళ్లాడు. తన గీత మీద అతనికి అంత నమ్మకం.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోనొచ్చింది. ఆఫీసులో బొమ్మలకి మట్టిముద్దలా రూపం కట్టి నడిపించే మోడలింగ్ అమ్మాయి. ఒకప్పుడు ఆమె దగ్గరే పని నేర్చుకుంది. ఫోనెత్తగానే నవ్వు.

“అక్కా, ‘సింకు మూసుకుపోయింది’ అంటే పొట్టా, వీపా?”

పొరలున్న ఫైలే పట్టుకెళ్లాడని ఆమెకి అర్థమైంది. కూర్చుంది. ఆ అమ్మాయి గుక్క తిప్పుకోకుండా చెప్పుకొచ్చింది. గేము చేయించుకుంటున్న కంపెనీ నుంచి ఒకావిడ వచ్చిందిట. వీళ్ల కంపెనీ పెద్దాయన, ఆవిడ, అందరూ కూర్చున్నారు. గోడంత తెర మీద జంతువుని వేశారు. ఆవిడ చూడగానే లేచి నిలబడిందిట. “అన్నీ బాగున్నాయి, ఈ కోరలే ఎవరో తరవాత అంటించినట్టున్నాయి, తీసి చూపించండి,” అందిట. తియ్యాలంటే పొరల జాబితా తెరవాలి. ఆమె భర్త తెరిచాడు. నలభై ఆరు పేర్లూ గోడ మీదకి వచ్చేశాయి.

“ముందు అందరం నవ్వామక్కా, అబద్ధమెందుకు చెప్పాలి. ‘కళ్లజోడు ఆయన నెత్తి మీదే ఉంది’ దగ్గర పెద్దాయన కూడా నవ్వారు. ఆవిడ మాత్రం ఒక్కొక్కటీ పైనుంచి కింద దాకా చదువుకుంటూ పోయింది. ‘ఖాళీగానే ఉన్నావుగా’ రెండోది వచ్చేసరికి గదిలో ఎవరూ నవ్వడం లేదు. ఇది వేసింది ఎవరు అని అడిగింది.”

“ఏమన్నారు?”

“‘మా ఆవిడ అప్పుడప్పుడు సరదాగా సాయం చేస్తుంటుందండీ’ అన్నారు.” అవతల ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. “అక్కా, రేపు పదింటికి నిన్ను తీసుకురమ్మన్నారు. ఇది ఎలా నడుస్తుందో, ఎలా పడుకుంటుందో వేసిన మనిషే చెప్పాలని ఆవిడ పట్టుబట్టింది. మీ ఆయన ఏమన్నారో తెలుసా? ‘తనకి వీలుపడదండీ, ఇంట్లో పనులుంటాయి, పైగా ఇలాంటివి తనకి ఇష్టం ఉండదు, నేనే అడిగి కనుక్కుని వచ్చి చెప్తాను’ అన్నారు. నీకు చెప్పరేమోనని చేశాను.”

ఫోను పెట్టేశాక ఆమె ముందు సిగ్గుపడింది. చూడండి ఎంత అలవాటైపోయిందో. ఇంటి గుట్టు అంతా గోడ మీద పరుచుకుంది, పదిమంది చదివారు, ఇప్పుడెలా అనే మొదట అనుకుంది. లాప్‌టాప్ తెరిచి, ఆ పేర్లు మార్చేద్దామని కూర్చుంది. “టీ” తీసేసి “తోక” అని కొట్టింది. “మళ్లీ టీ” తీసేసి “తోక నీడ” అని కొట్టింది. మూడోది మార్చబోతూ ఆగింది. తనకి ఇష్టం ఉండదట. ఆరేళ్లుగా ఏ ఒక్కరోజూ ఏది ఇష్టమని అడగని మనిషి, ఆమె తరఫున ఆమె ఇష్టాన్ని పదిమందిలో చెప్పేసి వచ్చాడు. అడిగి కనుక్కుని వెళ్లి చెప్తాడట. ఆ జంతువు పడుకున్నప్పుడు తల ఎటు పెడుతుందో రేపు పొద్దున తలుపు దగ్గర బూట్లు వేసుకుంటూ అడుగుతాడు. ఆమె డబ్బా సర్దుతూ చెప్తుంది. పదింటికి అది అతని నోట్లోంచి వస్తుంది. ఇన్నేళ్లూ జరిగింది ఇదే. పేరొక్కటే అనుకుంది ఇన్నాళ్లూ, మాట కూడా పట్టుకుపోతున్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి.

సిగ్గుపడాల్సింది పిలిచినవాళ్లు, లేచినదాన్ని నేనెందుకు సిగ్గుపడాలి? అనుకుని “తోక” తీసేసి మళ్లీ “టీ” అని కొట్టింది. “తోక నీడ” తీసేసి “మళ్లీ టీ” కొట్టింది. మోడలింగ్ అమ్మాయికి ఫోన్ చేసి పెద్దాయన మెయిలు అడిగి, ఫైలు పొరలతో సహా పంపించింది. కింద తన పేరు రాసింది. రేపు పదింటికి వస్తున్నానని రాసింది. పొయ్యి మీద పాలు పొంగి స్టవ్వంతా పాడయింది, ఆమె చూస్తూ కూర్చుంది.

సాయంత్రం అతను లోపలికి వస్తూనే బ్యాగు సోఫా మీదకి విసిరేశాడు. “నలుగురిలో నా పరువు తీశావు! ఏం పేర్లవి? బుద్ధున్న మనిషి ఎవరైనా రాస్తారా? రేపటి నుంచి నేను వాళ్ల మొహం ఎలా చూడాలి?”

“ఏం రాసిందిరా?” అన్నారు అత్తగారు కుర్చీలోంచి.

అతను వేళ్లు మడుస్తూ చెప్పాడు. కోపంలో అన్నీ గుర్తొచ్చాయి అతనికి, ఒక్కటీ వదల్లేదు. ఆరేళ్లలో ఆమె చేసిన పనుల జాబితా అతని నోట వినడం అదే మొదలు. “అత్తయ్యగారి కళ్లలో చుక్కలు, ఒకటి, రెండు, మూడు, ఐదు దాకా ఉన్నాయమ్మా! నిన్ను కూడా వదల్లేదు,” అన్నాడు.

“ఐదుసార్లు లేపానా?” అన్నారు ఆవిడ.

“నా ఫైలు నన్నడక్కుండా ఎందుకు తీసుకెళ్లారు?” అంది ఆమె.

“అడిగేదేముంది, నాకోసం వేసిందేగా? సరే, అయిందేదో అయింది. ఇప్పుడు చెప్పు, అది పడుకునేటప్పుడు కాళ్లు ఎలా మడుస్తుంది? ఆ చెవుల సంగతేమిటి? రేపు అడుగుతారు.”

“రేపు నేనే వస్తున్నాను. వాళ్లకే చెప్తాను.”

అతను తెల్లబోయాడు. “నీకెవరు చెప్పారు?”

“మీరు చెప్పలేదు.”

“నువ్వొస్తే పొద్దున్న పాపని ఎవరు తయారు చేస్తారు? అమ్మకి చుక్కలు ఎవరు వేస్తారు?”

“అద్దం ముందు కూర్చుంటే నేనే వేసుకోగలనురా,” అన్నారు అత్తగారు, ఎవరి మొహమూ చూడకుండా. ఇన్నాళ్లూ వేసుకోగలిగి ఉండీ వేసుకోలేదన్నమాట. ఆ మాటకి ఆమెకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో, రెండిటినీ మింగేసింది. ఆవిడ లెక్క ఇంకోరోజు చూసుకోవచ్చు.

అతను గొంతు తగ్గించాడు. తగ్గిస్తే పని జరుగుతుందని అతనికి అనుభవం. దగ్గరగా వచ్చి బల్ల అంచు మీద కూర్చున్నాడు. “చూడు, నువ్వు బాధపడుతున్నావు, నాకర్థమైంది. ఈసారి ఇద్దరి పేర్లూ వేయిస్తాను. నా పేరు, పక్కనే నీ పేరు. సరేనా? మన మధ్య నీదీ నాదీ ఏమిటి చెప్పు, మనది కదా.”

ఆమె అతని బ్యాగులోంచి లాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టి తెరిచింది. అతను ఆఫీసులో పెట్టుకున్న ఫైలు అలాగే ఉంది. జంతువు తెరనిండా నిలబడి ఉంది, రెండు కోరలతో. పక్కన పేర్ల జాబితా. ఆమె వేలు పెట్టి కింద నుంచి పైకి ఒక్కొక్కటే చూపిస్తూ వచ్చింది. టీ దగ్గర మొదలుపెట్టి ఒక్క పేరూ వదలకుండా పైకి చదివింది. అతను మధ్యలో “సరేలే, చాల్లే” అన్నాడు. ఆమె ఆగలేదు. అన్నిటికన్నా పైన నలభై ఏడోది ఉంది, కోరలది. దానికి పేరు లేదు, పెట్టాలన్న మర్యాద అతనికి ఎప్పుడూ లేదు.

“ఇది మీది,” అంది. “దీన్ని విడిగా తీసి మీకు పంపిస్తాను. మీ పేరు దాని మీద వేసుకోండి.”